ఇన్వర్టర్ బ్యాటరీలో ఇంకెంత మిగిలిందో చెప్పే పట్టీ: శుభలేఖల స్క్రీన్ మీద మనమే ప్రింట్ చేసుకోవడం ఎలా

మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర ఊరు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి కరెంటు పోయింది. పోతుందని ముందే తెలుసు కాబట్టి ఇన్వర్టర్ ఫుల్లుగా ఉందని ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పి పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక, దాని మొహం మీద ఇంకా మూడు గీతలు వెలుగుతుండగానే కుయ్యిమని అరిచి ఆగిపోయింది. చీకట్లోంచి మా అమ్మ, "ఏట్రా బాబూ నీ ఇన్వర్టరు, మూడు గీతలున్నాయన్నావు, ఫ్యాను ఆగిపోనాది" అంది. నా దగ్గర జవాబు లేదు.

అంతకు ముందు 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు పలాస, సోంపేట, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. అలాంటప్పుడు బ్యాటరీలో ఉన్నది సగమా పావా అన్నదాన్ని బట్టే ఈ రాత్రికి ఫ్యాను వేసుకోవాలా, రేపటి ఫోన్ చార్జింగ్ కోసం దాచుకోవాలా అన్నది తేలుతుంది. ఇన్వర్టర్ మీద గీతలు ఎందుకు అబద్ధం చెబుతాయంటే, చాలా వాటిలో అవి లోడు నడుస్తుండగానో చార్జింగ్ అవుతుండగానో ఉన్న వోల్టేజీని చూపిస్తాయి. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ దగ్గర 14 వోల్టులు కనిపిస్తాయి, కరెంటు పోయి రెండు ఫ్యాన్లు తిరుగుతుంటే అదే బ్యాటరీ 12 చూపిస్తుంది. ఈ రెండిట్లో ఏదీ లోపల ఎంత ఉందో చెప్పదు.

ఇక్కడ చెప్పబోయేది, మీట నొక్కితే నాలుగు లైట్లలో ఎన్ని వెలుగుతాయో చూసి బ్యాటరీ స్థితి తెలుసుకునే చిన్న పట్టీ తయారుచేయడం. దీంట్లో కొలిచే భాగాన్ని, అంటే సెన్సర్‌ని, కార్బన్ సిరాతో ప్లాస్టిక్ షీటు మీద ప్రింట్ చేస్తాం. మిగతా పార్టులన్నీ కలిపి నాకు 150 రూపాయల లోపే అయింది, స్క్రీన్ తీసినందుకు శుభలేఖలు ప్రింట్ చేసే షాపు అన్న 300 తీసుకున్నాడు. ఒకసారి స్క్రీన్ తీశాక ఎన్ని పట్టీలైనా లాగొచ్చు కాబట్టి నలుగురు కలిసి చేయించుకుంటే ఖర్చు కనిపించదు.

ప్రింట్ చేసిన టెస్టర్ అనేది కొత్త ఆలోచనేం కాదు. 1990ల్లో డ్యూరాసెల్, ఎనర్జైజర్ వాళ్లు కొన్ని చిన్న సెల్స్ పక్కనే పలుచని పట్టీ ఇచ్చేవారు, రెండు చివర్లా వేళ్లతో నొక్కితే రంగు మారేది. ఒకవైపు సన్నగా మరోవైపు వెడల్పుగా కరెంటు పారే సిరా గీత, దాని మీద వేడికి రంగు మారే సిరా, అంతే. సన్నగా ఉన్నచోట ముందు వేడెక్కుతుంది, సెల్ బలంగా ఉంటే వెడల్పు వైపు దాకా రంగు పాకుతుంది. మొదట నేనూ అదే చేద్దామనుకున్నాను గానీ మన మే నెల ఎండకి పట్టీ బ్యాటరీకి తగిలించకుండానే రంగు మారి కూర్చుంటుంది, అందుకని వదిలేశాను.

ఇది సీసం ఆసిడ్ బ్యాటరీలకు మాత్రమే, అంటే మన ఇళ్లలో నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీలకు. లిథియం బ్యాటరీకి ఇది పెట్టకండి. దాని వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడూ సగంలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, పట్టీ మిమ్మల్ని ఇంకా బాగా మోసం చేస్తుంది.

ముందు ఇందులో కిటుకు అర్థం చేసుకోండి

ఇంట్లో కలిపిన కార్బన్ సిరా కరెంటుని ఎంత అడ్డుకుంటుందో ఎవరూ ముందే చెప్పలేరు. ఈ రోజు కలిపింది ఒకలా, రేపు కలిపింది ఇంకోలా ఉంటుంది, చెమ్మకు పెరుగుతుంది, ఎండకు మారుతుంది. నా మొదటి ప్రయత్నం చెడింది ఇక్కడే, ఇన్ని ఓమ్స్ రావాలని పట్టుబట్టి కూర్చున్నాను. ఆ పట్టుదల అక్కర్లేదు. ఒకేలాంటి ఐదు మెలికల గీతలు ఒకే స్క్రీన్‌తో, ఒకే సిరాతో, ఒకే లాగుడులో ప్రింట్ చేసి ఐదింటినీ వరసగా కలిపితే, బ్యాటరీ వోల్టేజీ వాటి మధ్య ఐదు సమాన వాటాలుగా పంచుకుంటుంది. చెమ్మకి ఒక మెలిక పది శాతం పెరిగితే మిగతా నాలుగూ అంతే పెరుగుతాయి, కింది మెలిక (బ్యాటరీ మైనస్ వైపుది) మీద మాత్రం ఎప్పుడూ ఐదో వంతే ఉంటుంది. ఓమ్స్ ఎన్నయినా కానివ్వండి, వాటా మారదు.

ఆ ఐదో వంతు ఎందుకంటే, టీఎల్431 అని ఐదు పది రూపాయల్లో దొరికే మూడు కాళ్ల పార్టు ఒకటి ఉంది. బ్యాటరీ ఎంత ఊగినా అది తన దగ్గర 2.495 వోల్టులు కదలకుండా నిలబెడుతుంది. 12.475 వోల్టుల బ్యాటరీలో ఐదో వంతు సరిగ్గా అంతే. మనకి కావాల్సిన చోటు కూడా ఆ చుట్టుపక్కలే.

కానీ లైటుకీ లైటుకీ మధ్య తేడా 0.2 వోల్టే ఉండాలి కదా, ఒకే సన్నని గీత మీద అంత చిన్న తేడాలు పట్టాలంటే పాయింట్లు దాదాపు 1.3 మి.మీ. దూరంలో పెట్టాల్సి వస్తుంది, శుభలేఖల స్క్రీన్‌తో అది అయ్యే పని కాదు. పొలానికి నీళ్లు పారే కాలువలు గుర్తు చేసుకోండి. సన్నగా మెలికలు తిరిగిన పిల్లకాలువలో నీటికి అడ్డు ఎక్కువ, వెడల్పైన కాలువలో తక్కువ. అందుకని కింది మెలికకీ పై నాలుగు మెలికలకీ మధ్య ఒక వెడల్పు బద్ద పెడతాం. మెలికల గీత వెడల్పు 1 మి.మీ., బద్ద వెడల్పు 10 మి.మీ. బద్దలో ఎంత దూరం వెళ్లినా వోల్టేజీ కొంచెమే మారుతుంది కాబట్టి పాయింట్లు 13 మి.మీ. దూరంలో హాయిగా పెట్టుకోవచ్చు.

బొమ్మ గీయడం

కంప్యూటర్లో ఏ డ్రాయింగ్ ప్రోగ్రామైనా సరే, అసలు సైజులో గీయండి. ఒక్కో మెలిక 1 మి.మీ. గీత, మొత్తం పొడవు 80 మి.మీ. వచ్చేలా, అంటే 20 మి.మీ. వరసలు నాలుగు అటూ ఇటూ తిప్పితే సరిపోతుంది, వరసల మధ్య ఖాళీ కనీసం 1 మి.మీ. వంకర తిరిగే చోట లెక్క కొంచెం తప్పుతుంది గానీ దాని గురించి టెన్షన్ పడకండి, ఒకటి గీసి దాన్నే నాలుగుసార్లు కాపీ చేస్తే తప్పు కూడా ఐదింటిలోనూ సమానంగా ఉంటుంది. విడివిడిగా మళ్లీ గీయొద్దు.

బద్ద 10 మి.మీ. వెడల్పు, 46 మి.మీ. పొడవు. రెండు చివర్లా మూడేసి మిల్లీమీటర్లు రాగి టేపు కిందకి పోతాయి, మధ్యలో మిగిలేది 40. ఆ నలభైని మూడు సమాన భాగాలు చేసి, రెండు గీటుల దగ్గర పక్కకి చిన్న కొమ్మల్లా 1 మి.మీ. గీతలు తీసి చివర గోరంత గుండ్రని మచ్చలు పెట్టండి. రెండు చివర్లూ, రెండు కొమ్మలూ, మొత్తం నాలుగు పాయింట్లు. లెక్క ప్రకారం ఇవి 12.6, 12.4, 12.2, 12.0 వోల్టుల దగ్గర మారతాయి. కింది మెలిక వైపు ఉన్న పాయింటు 12.6ది, పై మెలికల వైపుది 12.0ది. ఇది తిరగేసి కలిపేవాళ్లే ఎక్కువ.

ఐదు మెలికల్ని షీటు మీద ఎలా పేరుస్తారన్నది కూడా చూసుకోవాలి. స్క్వీజీతో (స్క్రీన్ మీద సిరాని లాగే రబ్బరు పలక) లాగేటప్పుడు చెయ్యి ఒక పక్క ఎక్కువ నొక్కుతుంది, ఎంత అనుభవం ఉన్నవాడికైనా ఎడమ చివరకీ కుడి చివరకీ సిరా మందం కొంచెం తేడా వస్తుంది. అందుకని కింది మెలికని ఒక మూలన పెట్టకుండా మధ్యలో పెట్టి, పై మెలికలు రెండు ఎడమ, రెండు కుడి పెట్టండి. ఎడమవైపు పలచబడిందీ కుడివైపు మందమైందీ కలిసి సగటుకి మధ్యదానితో సమానం అవుతాయి. వాటిని ఒకదానికొకటి కలపడానికి ఎలాగూ రాగి టేపు వాడతాం కాబట్టి దూరంగా ఉన్నా ఇబ్బంది లేదు. ప్రతి మెలిక చివరా ఒక్కో మచ్చ పెట్టడం మరిచిపోకండి.

సిరా

సొమ్ము పెట్టగలిగితే కరెంటు పారే కార్బన్ స్క్రీన్ సిరా ఆన్‌లైన్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది, అది కొనేస్తే ఈ భాగం చదవక్కర్లేదు. నాలాగా కలుపుకోవాలంటే మెత్తని గ్రాఫైట్ పొడి, స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే రంగు లేని పీవీసీ మీడియం, పల్చన చేయడానికి వాళ్ల రెడ్యూసర్ కావాలి. పొడిని నేతగుడ్డలో వేసి జల్లించండి, పలుకులు మిగిలితే స్క్రీన్ మెష్ మూసుకుపోతుంది. (పొందూరు ఖద్దరు పంచె సన్నగా ఉంది కదా అని తీసుకెళ్లకండి, ఆ తర్వాత ఇంట్లో జరిగేదానికి నా పూచీ లేదు.) ముక్కుకి గుడ్డ కట్టుకోండి, రెడ్యూసర్ ఆవిరికి కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు.

నాకు కుదిరిన పాళ్లు, గ్రాఫైట్ ఎంత బరువో మీడియం అంత బరువు, అట్లపిండి కన్నా కొంచెం గట్టిగా ఉండేలా రెడ్యూసర్. కండక్టివ్ రకం కార్బన్ బ్లాక్ పొడి దొరికితే గ్రాఫైట్‌లో పదో వంతు కలపండి, గ్రాఫైట్ రేకుల మధ్య సందుల్ని అది పూడుస్తుంది. ఆముదం దీపం మీద పట్టిన మసి కలిపి కూడా చూశాను, అది కళ్లకు కాటుకగా పనికొస్తుంది గానీ ఇక్కడ జిడ్డు తప్ప ఏమీ మిగల్లేదు.

షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే పరీక్ష చేయండి. ప్లాస్టిక్ ముక్క మీద బ్రష్‌తో 10 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు పట్టీ పూసి, ఆరాక మల్టీమీటర్‌తో రెండు చివర్లూ చూడండి. 5 కిలో ఓమ్స్ లోపు ఉంటే పనికొస్తుంది. ఎక్కువ వస్తే గ్రాఫైట్ పెంచండి, మరీ పెంచితే ఆరాక గోరు తగిలినా రాలిపోతుంది, అప్పుడు మీడియం పెంచండి. ఒకటి రెండుసార్లు అటూ ఇటూ చూస్తే చెయ్యి కుదురుతుంది.

ప్రింట్ చేయించడం

శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపుకి వెళ్లండి. పెళ్లిళ్ల సీజన్‌లో వెళితే మీ మొహం కూడా చూడరు, ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్లండి, అప్పుడు వాళ్లకి తీరిక, మీకు కుర్చీ, వీలైతే టీ కూడా. బొమ్మని ట్రేసింగ్ పేపర్ మీద ముదురు నలుపులో లేజర్ ప్రింట్ తీసుకెళితే దాంతో స్క్రీన్ తీస్తారు. సన్న అక్షరాలకి వాడే మెష్ వద్దని, కొంచెం ముతక మెష్ కావాలని చెప్పండి.

ప్రింట్ వేసే షీటు ఓహెచ్‌పీ షీటైతే మంచిది. పాత ఎక్స్‌రే ఫిల్ము కూడా పనికొస్తుంది గానీ దాని మీదున్న జిగురు పొర చెమ్మ పీలుస్తుంది, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి పూర్తిగా కడిగేయాలి. షీటుని స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి.

"అన్నా, ఒకే లాగుడులో మొత్తం పడాలి, మధ్యలో ఆపొద్దు" అని గట్టిగా చెప్పండి. నా రెండో ప్రయత్నంలో రెండు మెలికలు సరిగ్గా పడలేదని ఆ రెండింటినీ వేరే షీటు మీద వేసి తెచ్చుకున్నాను. రెండు షీట్లలో మందం వేరు, వాటా ఐదో వంతు కాస్తా ఇంకేదో అయిపోయింది. ఏ ఒక్కటి చెడినా షీటు మొత్తం పారేసి ఇంకోటి లాగండి, షీటు ధర ఎంతని! ఒకేసారి పది లాగి మంచివి ఏరుకోవడం మేలు. ఆరాక అదే చోట రెండో పూత వేస్తే అడ్డు తగ్గుతుంది గానీ సరిగ్గా కుదరడం షాపు అన్న చేతిలో ఉంది. నేను ఒక్క పూతతోనే సరిపెట్టుకున్నాను.

పూర్తిగా ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత ఐదు మెలికల్నీ విడివిడిగా కొలవండి. ఒక్కోటి 4 కిలో ఓమ్స్ రావచ్చు, 40 రావచ్చు, అది కాదు చూడాల్సింది. ఐదూ ఒకదానికొకటి రెండు మూడు శాతం లోపల ఉన్నాయా అన్నదే చూడండి. ఒకటి మరీ తేడాగా ఉంటే గీత ఎక్కడో తెగిందో, ముద్దగా పడిందో భూతద్దంతో చూస్తే కనిపిస్తుంది.

రాగి టేపు, లామినేషన్

కార్బన్ సిరాకి సోల్డరింగ్ అంటదు. జిగురు కూడా కరెంటు పారే రకం అయిన రాగి టేపు తెచ్చి మచ్చల మీద అంటించి, టేపు అంచు మీదుగా మిగిలిన సిరా ఒక చుక్క బ్రష్‌తో పూయండి. బద్ద రెండు చివర్లా టేపుని వెడల్పంతా అడ్డంగా అంటించాలి, లేకపోతే 1 మి.మీ. గీతలోంచి వచ్చిన కరెంటు 10 మి.మీ. బద్దలో పరుచుకోవడానికి కొంత దూరం తీసుకుంటుంది, మన లెక్క చెడుతుంది. పక్క కొమ్మల దగ్గర అతుకు కొంచెం బాగోలేకపోయినా పర్లేదు, అక్కడ కరెంటు దాదాపు పారదు, వోల్టేజీ చూడటమే.

వరస ఇలా ఉండాలి: బ్యాటరీ మైనస్, మధ్యలో ఉన్న కింది మెలిక, బద్ద, తర్వాత నాలుగు పై మెలికలు ఒకదాని వెనక ఒకటి, ఆ చివర ప్లస్. టేపులకు వైర్లు సోల్డర్ చేయాలంటే టేపు కొసని షీటు బయటికి తీసి అక్కడ చేయండి, షీటు మీదే చేస్తే ప్లాస్టిక్ ముడుచుకుంటుంది.

తర్వాత ఆధార్ కార్డులు లామినేషన్ చేసే జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి లామినేషన్ చేయించండి, టేపు కొసలు బయటికి ఉండేలా. బారువ నుంచి కళింగపట్నం దాకా తీరం వెంబడి ఉండేవాళ్లు దీన్ని అస్సలు మానేయొద్దు, ఉప్పుగాలికి రాగి వారంలో పచ్చగా చిలుము పడుతుంది. బయట ఉన్న అతుకుల మీద పెట్రోలియం జెల్లీ రాయండి. లామినేషన్ వేడికి ఓమ్స్ మారతాయి, కాబట్టి సెట్టింగ్ పనులన్నీ దీని తర్వాతే.

లైట్ల బోర్డు

కావాల్సినవి: ఎల్ఎం339 ఐసీ ఒకటి, టీఎల్431 ఒకటి, 2.2 కిలో ఓమ్స్ రెసిస్టర్లు ఐదు, 10 కిలో ఓమ్స్ మల్టీటర్న్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దుకునే రెసిస్టర్) ఒకటి, ఎల్ఈడీలు నాలుగు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, నొక్కితేనే కలిసే పుష్ బటన్, అర ఆంపియర్ ఫ్యూజు హోల్డర్‌తో సహా, జీరో పీసీబీ (పార్టులు గుచ్చి సోల్డర్ చేసే రంధ్రాల బోర్డు) ముక్క.

ఎల్ఎం339 లోపల నాలుగు పోలిక యంత్రాలు ఉంటాయి, ఒక్కోటీ రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చూసి లైటు వెలిగిస్తుంది. దీనికి 3వ కాలు ప్లస్, 12వ కాలు మైనస్, ఈ రెండింటి మధ్య కెపాసిటర్. 5, 7, 9, 11 కాళ్లన్నీ కలిపి ప్రీసెట్ మధ్య కాలుకి వెళ్తాయి. 4, 6, 8, 10 కాళ్లకి పట్టీలోని నాలుగు పాయింట్లు ఒక్కోటి వస్తాయి. 4వ కాలుకి జవాబు 2వ కాలు మీద, 6కి 1 మీద, 8కి 14 మీద, 10కి 13 మీద వస్తుంది. ప్లస్ నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ దాటుకుని ఆ జవాబు కాలుకి కలపండి. పాయింటు వోల్టేజీ ఎక్కువైతే ఆ కాలు మైనస్‌కి లాగుతుంది, లైటు వెలుగుతుంది. ఎల్ఈడీ పొడవు కాలు రెసిస్టర్ వైపు.

టీఎల్431ని చదునువైపు మీకు కనబడేలా పట్టుకుంటే మామూలుగా మధ్య కాలు మైనస్‌కి, అటూ ఇటూ ఉన్న రెండు కాళ్లూ కలిపేసి ఐదో రెసిస్టర్ ద్వారా ప్లస్‌కి. కొన్ని కంపెనీలవి కాళ్ల వరస మార్చి వస్తాయి, కలిపాక అక్కడ 2.5 వోల్టులు కనిపించకపోతే ముందు దాన్నే అనుమానించండి. ఆ 2.5 వోల్టులు ప్రీసెట్ ఒక చివరకి, రెండో చివర మైనస్‌కి.

బటన్‌ని ఫ్యూజు తర్వాత ప్లస్ దారిలో పెట్టండి, పట్టీకీ బోర్డుకీ రెండింటికీ దాని ద్వారానే కరెంటు రావాలి. నొక్కినంతసేపూ దాదాపు 25 మిల్లీ ఆంపియర్లు, వదిలేస్తే సున్నా.

సెట్టింగ్

ఆన్‌లైన్లో దొరికే పట్టికల్లో 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 అని రాసుంటుంది. అది కారు బ్యాటరీ లెక్క. మన ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీల్లో ఆసిడ్ పలచన, నిండుగా ఉన్నప్పుడు హైడ్రోమీటర్ (ఆసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) సాధారణంగా 1.240 దగ్గర చూపిస్తుంది, కారుదైతే 1.265 చుట్టుపక్కల ఉంటుంది. బ్యాటరీలో ఒక్కో గది (సెల్) వోల్టేజీ కావాలంటే హైడ్రోమీటర్ అంకెకి 0.84 కలపండి. 1.240కి 2.08, ఆరు గదులకి 12.48 వోల్టులు. 1.180 అయితే 12.12, అది దాదాపు సగం. కారు లెక్క పెట్టుకుంటే కొత్త ట్యూబులర్ బ్యాటరీని చూసి కూడా ఎప్పుడూ నిండలేదని బెంగపడతారు, నేను పడ్డాను, బ్యాటరీ అమ్మినతనితో గొడవ కూడా పెట్టుకున్నాను, తప్పు నాదే.

వోల్టేజీ మార్చగలిగే డీసీ సప్లై మొబైల్ రిపేరు షాపుల్లో ఉంటుంది, పది నిమిషాలు అడిగితే ఇస్తారు. వాళ్ల మీటర్ని నమ్మకుండా మీ మల్టీమీటర్ పెట్టుకుని 12.47కి తిప్పండి. పుష్ బటన్ నొక్కి పట్టుకుని, 12.6 పాయింటు లైటు సరిగ్గా వెలిగే చోట ప్రీసెట్‌ని ఆపండి. ఇప్పుడు సప్లైని నెమ్మదిగా తగ్గిస్తే మిగతావి సుమారు 12.27, 12.07, 11.88 దగ్గర ఒక్కొక్కటే ఆరిపోవాలి. కొంచెం అటూ ఇటూ వస్తే ఎక్కడ ఆరిందో రాసుకోండి చాలు. ప్రీసెట్‌తో అంకెల్ని కిందకే దించగలం. చివరిదాకా తిప్పినా మొదటి లైటు 12.47 కన్నా తక్కువ దగ్గరే వెలిగిపోతుంటే, పట్టీ ప్లస్ చివర, పట్టీ మొత్తం ఓమ్స్‌లో ఒక శాతం ఉండే రెసిస్టర్ ఒకటి వరసలో కలపండి, అంకెలు ఒక శాతం పైకి జరుగుతాయి.

బ్యాటరీకి కలపడం, చదవడం

ఇక్కడ మాత్రం నిదానంగా చేయండి. చేతి ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. 150 ఏహెచ్ బ్యాటరీ రెండు కొసల మధ్య స్పానర్ పడితే అది ఎర్రగా కాలిపోతుంది, చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి నిప్పురవ్వ కూడా ప్రమాదమే. ఇన్వర్టర్ ఆపి, మెయిన్ కూడా తీసేసి, గదికి గాలి ఆడేలా చేసి అప్పుడు కలపండి. రింగు లగ్గు వేసి ముందు ప్లస్, ఫ్యూజు ప్లస్ కొసకి వీలైనంత దగ్గరగా, తర్వాత మైనస్. రెండు బ్యాటరీల 24 వోల్టుల ఇన్వర్టర్ అయితే దేనికది వేరే పట్టీ పెట్టాలి, రెండింటి మీదా కలిపి ఒకటి పెట్టకూడదు. పట్టీని గోడకి అంటించండి. నేను మొదట ఇన్వర్టర్ పక్కపలకకి అంటించాను, ఒక కొస వేడెక్కి మరో కొస చల్లగా ఉండటంతో మధ్యాహ్నం ఒకలా రాత్రి ఒకలా చూపించింది.

చూడాలనుకున్నప్పుడు చార్జింగ్ ఆగి ఉండాలి, లోడు కూడా ఆగి ఉండాలి. ఇప్పటిదాకా చార్జింగ్ అయి ఉంటే ఇంట్లో ఒక లైటు పది నిమిషాలు వెలిగించి, ఆపి, అరగంట ఆగి నొక్కండి. రెండు మూడు గంటలు ఆగగలిగితే ఇంకా సరిగ్గా వస్తుంది గానీ తుఫాను రాత్రి అంత ఓపిక ఎవరికుంటుంది, అరగంటతో వచ్చేది సరిపోతుంది. చార్జింగ్‌లో నొక్కితే నాలుగూ వెలుగుతాయి, దానికి అర్థం లేదు. సరిగ్గా అంచు మీద ఉంటే ఒక లైటు మినుకుమంటుంది, పాడైందనుకోకండి.

నాలుగు వెలిగితే నిండుగా ఉన్నట్టు. మూడైతే ఇంకా బాగానే ఉంది. రెండే వెలుగుతుంటే సగం అటూ ఇటూగా ఉంది, ఒకటే ఉంటే సగం కన్నా బాగా దిగిపోయింది. ఒక్కటీ వెలగకపోతే ఆపేయండి, ఇంకా పిండితే బ్యాటరీ ఆయుష్షు పోతుంది.

నెల తర్వాత ఒకసారి హైడ్రోమీటర్‌తో ఆరు గదులూ చూసి పట్టీ చెప్పేదానితో పోల్చండి. రెండింటికీ పొసగకపోతే హైడ్రోమీటర్ మాటే నిజం, ప్రీసెట్‌ని దానికి తగ్గట్టు సర్దండి. ఐదు గదులు ఒకలా ఉండి ఒకటి బాగా తక్కువ చూపిస్తే పట్టీలో లోపమేమీ లేదు, ఆ గది పోయింది. బ్యాటరీ మార్చినప్పుడు కూడా మళ్లీ సెట్ చేసుకోవాలి.

లైట్ల కింద శాతాలు రాయాలని మొదట అనుకున్నాను. మా అమ్మకి శాతాలతో పనేముంది, అందుకని నాలుగు లైట్ల కిందా స్కెచ్ పెన్‌తో వరసగా "అన్నీ వేసుకో", "రెండు ఫ్యాన్లు", "ఒక ఫ్యాను", "లైటూ ఫోనూ" అని రాసి, ఏమీ వెలగకపోతే "ఆపేయ్" అని పక్కన రాశాను. ఆవిడ మాత్రం "ఒక ఫ్యాను" ఆరిపోయాక కూడా ఫ్యాను ఆపట్లేదు, దానికి వేరే పట్టీ ఏదైనా ఉందేమో చూడాలి.